నెలసరి ఆగాక అమ్మ గుండె

నెలసరి పూర్తిగా ఆగిపోయిందని తెలిసినప్పుడు అమ్మ, మగ్గాల పనికి గుజరాత్ వలస వచ్చి మేముంటున్న వడోద్‌లోని గదిలో, సేమ్యా పాయసం చేసింది. “పీడ వోయింది బిడ్డా, ఇగ నిమ్మళం,” అంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు, కరోనా రెండో విడత తగ్గి నాన్న పనిచేసే మగ్గాల కార్ఖానా మళ్లీ తెరిచిన రోజుల్లో, ఆమెకు మెట్లెక్కితే ఆయాసం, దవడలో గుంజినట్టు నొప్పి మొదలయ్యాయి. మేమంతా చెమటలు కక్కుతుంటే ఆమె దుప్పటి కప్పుకునేది. వాడలో అందరూ కరోనా అన్నారు. పరీక్షలో లేదని వచ్చింది. పంటినొప్పి అనుకుని లవంగం బుగ్గన పెట్టుకుంది. నేను వినకుండా ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

గుజరాతీ డాక్టరమ్మ ఈసీజీ చూసి వెంటనే చేర్చుకుంది. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి బాగా సన్నబడిందని తేలితే స్టెంటు వేశారు. అమ్మ తేరుకున్నాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి హిందీలో చెప్పింది. నెలసరి ఉన్నన్నాళ్లు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ రక్తనాళాలకు కొంత అండగా ఉంటుందట. అది తగ్గితే ఆ అండా తగ్గుతుందట. దానికి తోడు అమ్మకు థైరాయిడ్ హార్మోన్ తక్కువై కొలెస్ట్రాల్ పెరిగింది, ఉక్కలో దుప్పటి కప్పుకున్నదీ అందుకేనట.

నాన్న సిగ్గుతో ఫ్యాను వైపు చూస్తున్నాడు. అమ్మ నా చెవిలో, “అయితే గుండెకు అండ వోయినందుకా నేను పాయసం చేసుకున్నది?” అంది. నేను హిందీలో చెప్పగానే డాక్టరమ్మ పగలబడి నవ్వింది.

“మరి ఆ హార్మోనే గోలీ లెక్క ఇయ్యరాదా? అడుగు బిడ్డా,” అంది అమ్మ.

గుండె కోసమని దాన్ని ఇవ్వరట. థైరాయిడ్ మాత్ర మాత్రం కొద్దికొద్దిగా పెంచుతానంది, ఒక్కసారి పెంచితే గుండెకు భారమని.

ఇంటికొచ్చాక మారింది నాన్న. అమ్మ ముందు కూడా నెలసరి అన్న మాట ఎత్తని మనిషి, ఓ ఉదయం నల్లా దగ్గర పక్కింటాయనను పట్టుకున్నాడు.

“తమ్మీ, మీ ఇంట్లామెకు ఆయాసమొస్తుందా? ఆడోళ్లకు నెలసరి ఆగినంక గుండె జర చూపిచ్చుకోవాలె. నొప్పి దవడల గూడ వస్తదంట!”

ఆయన చేతిలోని బిందె జారింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కానీ ఆ పక్కింటామె వారం తిరక్కుండానే పరీక్ష చేయించుకుంది. ఆమెకూ థైరాయిడ్ తక్కువే. గుండె మాత్రం బాగుందన్నారు. ఆ కబురు చెప్పడానికి ఆమె మెట్ల మీంచే అరుస్తూ వచ్చింది.

ఆ ఏడు బతుకమ్మ మా డాబా మీదే ఆడాం. డాక్టరమ్మ సరేనంది. గుజరాతీ ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా గర్బా అడుగులతో మా వరుసలో కలిశారు. “జర మెల్లగ,” అని నాన్న పక్కనుంచి కేకేశాడు.

“నువ్వు సప్పట్లు కొట్టు, సాలు!” అంది అమ్మ, ఆయాసం లేకుండా.

నాన్న గట్టిగా చప్పట్లు కొట్టాడు, తాళం తప్పుతూ.