పెంటయ్య మొదటి ఫోటో

ఆ రోజుల్లో ఫోటో కావాలంటే మనుషులే కెమెరా దగ్గరికి పోవాలి. కెమెరా ఇల్లు వెతుక్కుంటూ రావడం మా మెట్‌పల్లి ఎరగదు. ఆ ఘనకార్యానికి నేనే కొబ్బరికాయ కొట్టాలనుకున్నాను. కరీంనగర్‌లో ఒక స్టూడియోలో పని నేర్చుకొచ్చి, బస్సులు ఆగే చోట ఒక గది తీసుకొని, గోడకు నీలం పరదా కట్టి కూర్చున్న కొత్త. మీసం ఇంకా సరిగా రాలేదు గానీ ధీమా మాత్రం నిండుగా వచ్చేసింది.

అప్పుడే మా చిన్నక్కకు (పెదనాన్న కూతురు) కొడుకు పుట్టాడు. అక్కకు తల్లి లేదు కనుక పురుడు అత్తగారింట్లోనే జరిగింది. అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి దక్కలేదు. అందుకని అక్క అత్త, మేమంతా పెద్దవ్వ అనే ముసలామె, వీడు పుట్టగానే చేటలో వేసి, పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి తెచ్చి, పెంటయ్య అని పేరు పెట్టింది. (ఇప్పుడాయన వేరే పేరుతో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు. నేను పాత పేరుతో పిలిస్తే అటూ ఇటూ చూసుకొని పలుకుతాడు.) మగ్గం నేసే మా బావది మాట తక్కువ. అలాంటి మనిషి ఒకనాడు నా గదికొచ్చి, పరదా వైపు చూస్తూ, పోయిన పిల్లల మొఖాలు తనకు యాదికి రావడం లేదని, వీడిదైనా ఒక ఫోటో ఉంటే బాగుండునని అన్నాడు. ఇంటికే వస్తానన్నాను. పిల్లవాడు పాలు తాగి నిద్రపోయాక, వాకిట్లో నీరెండలో, హడావుడి లేకుండా తాపీగా తీద్దామన్నాను.

తాపీ సంగతి పెద్దవ్వను అడగలేదు. మరునాడు వాకిట్లో స్టాండు నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి చూస్తే, పిల్లవాడు కనబడాల్సిన అద్దంలో పెద్దవ్వ, ఆ అద్దంలో ఎవరైనా కనబడినట్టే తలకిందులుగా, నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉంది.

“గా డబ్బ పానం గుంజుకుంటదట గదా పిలగా?” అని అడిగింది.

వెలుతురు గురించీ, గాజుపలక గురించీ నేను చెప్పిన శాస్త్రమంతా ఓపికగా విన్నది. విని, “అయితె ముందుగాల నన్ను దింపు. రేపు పొద్దుగాల దాంక నేను మంచిగుంటె పోరన్ని దింపుదువు” అంది.

బావ తల వంచుకున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏం చేస్తాను, ఆమె ఫోటో దింపాను. యముడే ఎదురుగా వచ్చి నిలబడ్డట్టు ఆమె కెమెరాను రెప్ప వేయకుండా చూసింది. ఇక అప్పట్నుంచి నా పానం నా దగ్గర లేదు. అసలే ముసలి మనిషి. మామూలు దగ్గుతో పోయినా నా గదికి తాళమే. సాయంత్రం ఏదో వంకతో పోయి, రాత్రికి తేలికగా తినమనీ, మిరప తొక్కు జోలికి పోవద్దనీ బతిమాలాను. ఆమె నా మీద కోపంతో ఇంకో రొట్టె ఎక్కువే తిన్నదట.

తెల్లారి పోయేసరికి ఇంటిముందు జనం. ఎవరూ మాట్లాడటం లేదు. ఒకామె కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. అంతలో లోపలి నుంచి పెద్దవ్వ గొంతు, తొవ్వకు అడ్డం నిలబడ్డారని అందరినీ తిడుతూ వినబడింది. వాళ్లంతా ఆమె బతికుందో లేదో చూసి పోదామని వచ్చినవాళ్లే. (కళ్లు ఒత్తుకున్నామెకు పొయ్యి పొగ తగిలిందట.)

పరీక్ష నెగ్గాను గానీ పని కాలేదు. తల్లి ముందు కన్నకొడుకును ఎత్తుకోవడానికి బావకు సిగ్గు. అక్క పక్కన నిలబడి, వాణ్ని నిండు బిందె మోసినట్టు దూరంగా పట్టుకున్నాడు. నేనెంత చెప్పినా దగ్గరికి తీసుకోడు. చివరికి పెద్దవ్వే, “నీ కొడుకే గదరా. మంచిగ గుండెకు పట్టుకో” అంది.

బావ పట్టుకున్నాడు. ఒక్కసారిగా భుజాలు కదిలాయి. అప్పటికే నేను కెమెరా రబ్బరు బల్బు నొక్కేశాను.

ఫోటో కడిగి చూస్తే, కదులుతాడని నేను భయపడ్డ పిల్లవాడు చక్కగా నిద్రపోతున్నాడు. అక్క నవ్వుతోంది. బావ మొఖమే నీళ్లలో నీడలా అలికినట్టు పడింది. పైసా తీసుకోకుండా ఉట్టిగానే మళ్లీ తీస్తానని ఎంత మొత్తుకున్నా బావ వినలేదు. “గిదే మంచిగుంది” అని చొక్కా లోపల పెట్టుకొని పోయాడు.

చెడిపోయిన ఫోటో బయట పడిందని, నా పేరు పోతుందని చాలాకాలం దిగులుపడ్డాను. ఆ తర్వాత లెక్కలేనన్ని మొఖాలు కదలకుండా పట్టాను. ఇప్పుడు ఎప్పుడైనా వాళ్లింటికి పోతే ముందు ఆ ఫోటో దగ్గరే నిలబడతాను. అది బాగా రాలేదని వారం రోజులు అన్నం మానేసిన ఆ మీసం రాని ఫోటోగ్రాఫరును తలచుకొని నవ్వుకుంటాను.