మూత తీయని లేజర్ చూపిన అంకె

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. రాత్రిళ్లు మగ్గం గుంటలో ఎవరో కూర్చుంటారని మా అవ్వ చెబితే, "అయితే రెండు చీరలు నేసిపెట్టమను" అన్నదాన్ని. ఇప్పుడూ దయ్యమని అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కడప దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ల్యాబులో మనిషి వంగి దూరేంత గాలి సొరంగం (విండ్ టన్నెల్) ఉంది, ఒక కొసన పెద్ద ఫ్యాను. గాలి కంటికి కనపడదు కదా, అందుకని అందులోకి సన్నటి పొగ వదులుతాం. రెండు లేజర్ కిరణాలు కలిసే చోట ఆ పొగ నలుసులు మెరుస్తాయి. ఆ మెరుపును బట్టి గాలి వేగం ఎంతో కంప్యూటర్ చెబుతుంది. లేజర్ మూత తీయకపోతే తెర మీద సున్నానే.

ఆయుధపూజ నాడు నేను అన్నిటికీ బొట్లు పెట్టాను. సొరంగం అద్దానికి లోపలి వైపు కూడా. సరిగ్గా కిరణం పోయే చోట కుంకుమ పెట్టిన తెలివితేటలు నావి!

సెలవులయ్యాక మొదటి రోజు, పొద్దున పది గంటలకు, ఫ్యాను స్విచ్ మీద చెయ్యి వేశాను. తెర మీద అంకె కదిలింది. ఒకటిన్నర. సున్నా. మళ్లీ ఒకటిన్నర. ఫ్యాను వేయలేదు, పొగ వదల్లేదు, లేజర్ మూత తీయనే లేదు.

దీనికేం రోగమొచ్చిందని తిట్టుకుంటూ స్విచ్ వదిలేసి, వెళ్లి, వెలుతురు పడకుండా అద్దం మీద వేసిన నల్ల పరదా లాగాను.

లోపల మా అటెండరు మద్దిలేటన్న! మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. నేను పెట్టిన కేక ల్యాబంతా వినపడింది.

"ఏందిమ్మా అట్ల అరుస్తాండావు? నువ్వు పెట్టిన బొట్టే తుడుస్తాండా ఈడ."

"చెప్పి పోవద్దా అన్నా? ఫ్యాను వేసేదాన్నే!"

ఆయన మొహం పాలిపోయింది. బయటికొచ్చి, "బతికిపోతిని తల్లీ" అని నా పక్కనే నేల మీద కూలబడ్డాడు. నాకు ఏడుపాగలేదు. అంత హాయిగా నేనెన్నడూ ఏడవలేదు.

లేజర్ మిషన్ కంపెనీ ఇంజనీరు వచ్చి రెండు రోజులు చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు. మూత పెట్టి ఉంటే అంకె రాదని నాకే పాఠం చెప్పాడు. రికార్డయిన అంకెలు చూపించాను. వాటిని ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఒకటిన్నర ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈరోజుకీ తెలీదు. ఇప్పుడు పరదా తీసి లోపల చూడందే స్విచ్ ముట్టను. అద్దానికి బొట్టు మానేశాను, లేజర్ మూతకు మాత్రం పెడుతున్నాను. ఇది రాస్తుంటే మద్దిలేటన్న టీ తెచ్చి పెట్టి, చక్కెర తక్కువైందని తనే సణుగుతూ పోయాడు.