చేసి చూపించే బాబాయి

మా బాబాయి ఏ పుస్తకాన్నీ చేసి చూపించకుండా ఎవరికీ ఇవ్వడు. కథలూ నవలల జోలికి ఆయన పోడు కాబట్టి బతికిపోయాం. గ్రంథాలయంలో ఆయన ఉద్యోగం కొత్త పుస్తకాల బల్ల చూసుకోవడం. దాని మీదికి వచ్చేవన్నీ ఆరోగ్యం, తోటపని, యంత్రాలు, కట్టడాల వంటి నిజం విషయాల పుస్తకాలే. పక్క బల్ల దగ్గర, ఇంటికి తీసుకెళ్లే పుస్తకాలు పద్దులో రాసి ఇచ్చే ఉద్యోగం నాది. అందుకని పదకొండేళ్లుగా ఆయన ప్రదర్శనలన్నిటికీ మొదటి వరస ప్రేక్షకురాలిని నేనే.

నిద్ర గురించి కొత్త పుస్తకం వచ్చినప్పుడు ఒక పెద్దావిడ బాగుంటుందా అని అడిగింది. బాగుంటుందని చెప్పి ఊరుకోవచ్చు కదా. బాబాయి చెప్పులు విడిచి, పత్రికలు చదివే బల్లెక్కి, ఎడమవైపు తిరిగి పడుకున్నాడు. మోకాళ్లు ఎంత ముడవాలో, ఊపిరి ఎలా వదలాలో చూపిస్తూ చూపిస్తూ గుర్రు పెట్టాడు. పత్రికలు చదివేవాళ్లు గంటన్నర సేపు ఆయన చుట్టూ కూర్చుని చప్పుడు కాకుండా పేజీలు తిప్పుకున్నారు. మర్నాటికి ఆ పుస్తకం కోసం పద్నాలుగు మంది పేర్లు రాయించుకున్నారు.

తాళ్లతో ముడులు వేయడం మీద పుస్తకం వచ్చింది. తనను తానే కుర్చీకి కట్టేసుకున్నాడు. విప్పడం రెండో భాగంలో ఉందట, అదింకా రాలేదట. కబురు పెడితే పిన్ని కత్తెర పట్టుకుని వచ్చింది. తాళ్లు కోస్తూ నాతో, "తేనెటీగల పుస్తకం వచ్చే ముందు మాత్రం నాకు చెప్పవే. మా అక్కయ్య ఇంటికి వెళ్లిపోతాను" అంది.

వంతెనల పుస్తకానికి రెండు స్టూళ్ల మధ్య చెక్క దిమ్మెలతో కమాను పేర్చి, దాని మీదికెక్కాడు. కూలింది. నేల మీద పడి ఉండగానే, ఇలా కూలుతుందని నలభై మూడో పేజీలో రాశారని మాకు తెలియజేశాడు. ప్రతి గురువారం పని దిగాక వచ్చే తాపీమేస్త్రి ఒకాయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ముందుకు వచ్చి, నడిమి దిమ్మె అన్నిటికన్నా చివరగా పెట్టాలని చెప్పి, తనే పేర్చాడు. ఈసారి నిలిచింది. ఇద్దరూ పిల్లల్లా మురిసిపోయారు. మేస్త్రి ఎప్పుడూ పుస్తకం ఇంటికి తీసుకెళ్లడు. ప్రదర్శన చూసి, బొమ్మలు తిరగేసి, బాబాయికి నమస్కారం పెట్టి వెళ్లిపోతాడు.

ఇంతలో కొత్త అధికారి వచ్చింది. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టే సమయానికి బాబాయి, తూలి పడకుండా నడవడం ఎలా అన్న పుస్తకం కోసం ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఆవిడ నవ్వలేదు. ఇకమీదట కొత్త పుస్తకాల గురించి చీటీ రాసి పెడితే చాలని మర్నాడు ఉత్తర్వు వేసింది. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగని బాబాయి తిన్నగా ఆవిడ గదిలోకి వెళ్లి, అయితే తనను పాత కాగితాల గదికి మార్చేయమన్నాడు. ఆవిడ మార్చలేదు, ఉత్తర్వూ మార్చలేదు. ఇంత పంతం ఎందుకని నేనూ పిన్నీ నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆయన పెదవి విప్పలేదు.

గురువారం మేస్త్రి వచ్చాడు. చీటీలకేసి చూశాడు. ఒక పుస్తకం తీసి, మళ్లీ పెట్టేసి, రెండు నిమిషాల్లో బయటికి నడిచాడు. నేను మెట్ల దగ్గర అందుకుని, ఈ వారం ఏమీ నచ్చలేదా అని అడిగాను.

"నాకు చదువు రాదమ్మా," అన్నాడు ఆయన మామూలుగా. "ఆ సంగతి సార్‌కి తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు. నాలుగేళ్లయింది. ఇద్దరం ఒక్కసారి కూడా ఆ మాట అనుకోలేదు."

నేను అధికారి దగ్గరికి వెళ్లి, బాబాయి ప్రదర్శనలకు వారానికి ఒక్క గంట వరండా ఇమ్మని అడిగాను. కారణం మాత్రం చెప్పలేనన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఆయన ఏ వస్తువు మీదికీ ఎక్కకూడదన్న షరతు మీద సరేనంది.

ఆ తర్వాత వచ్చిన కట్టలో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే పుస్తకం ఒకటి ఉంది. గురువారం వరండాలో బాబాయి దాన్ని పట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు.

"చిక్కొచ్చి పడింది మేస్త్రీ. దీన్ని చేసి చూపించాలంటే చదువు రానివాళ్లు ఒకరు కావాలి. ఎక్కడ వెతికేది?"

మేస్త్రి అరచేతులకు అంటిన సున్నం దులుపుకున్నాడు.

"మీకంత ఇబ్బందైతే నేను కూర్చుంటాలెండి."

బాబాయి ఆయన రెండు చేతులూ పట్టుకుని, పెద్ద గండం నుంచి గట్టెక్కించారన్నాడు. ఆ ప్రదర్శన ఎనిమిది నెలలు సాగింది.

కిందటి గురువారం మేస్త్రి మొదటిసారి పుస్తకం ఇంటికి తీసుకెళ్లడానికి నా బల్ల దగ్గర సంతకం పెట్టాడు. గోడల్లో చెమ్మ ఎందుకు చేరుతుందో చెప్పే పుస్తకం అది. ఈలోగా బాబాయి చొక్కా చేతులు మడిచి, బిందెడు నీళ్లు మోసుకొచ్చి, గ్రంథాలయం గోడకేసి ఆశగా చూస్తున్నాడు.

మేస్త్రి పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. "ఆగండి సార్. మీరే అంతా చూపించేస్తే ఇక నేను చదవడానికి ఏం మిగుల్తుంది?"

బాబాయి బిందె కిందికి దించాడు. తర్వాత ఆ నీళ్లన్నీ మొక్కలకు పోస్తూ గ్రంథాలయం మూసేదాకా తనలో తనే నవ్వుకుంటూ తిరిగాడు.