భూతద్దమ్మ ఎంచుకున్న కుర్చీ

రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్ళు ఆవిడ చేసిన పని ఒక్కటే. కుట్టి, ఇస్త్రీ చేసి, ఇక మడత పెట్టడమే తరువాయి అనుకున్న చొక్కాలో తప్పు వెతకడం. ఆవిడ సరే అంటేనే చొక్కా పెట్టెలోకి వెళ్ళేది. బయటివైపు పెద్దగా చూసేది కాదు. చొక్కాను తిరగేసి కుట్టు వెంట వేలు పోనిచ్చి, కాలరు కింద, చంకల దగ్గర, గుండీల వెనక వెతికేది. పైకి ఎంత బాగుంటే అంత ఎక్కువసేపు వెతికేది. మిషన్ల దగ్గర కూర్చునే అమ్మాయిలు ఆవిడకు భూతద్దమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగా అనకూడదు అనుకుంటూనే అనేసేవాళ్ళు. ఆవిడ పలికేది కూడా.

ఆ చూపు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయేది కాదు. పెళ్ళయిన కొత్తలో, అచ్చు ప్రెస్సులో పనిచేసే భర్త ముచ్చటపడి ఒక చేతి గడియారం తెచ్చిస్తే, మూడు రోజులు రేడియో వార్తలతో సరిచూసి నాలుగో రోజు చేతికి పెట్టుకుంది. "గడియారాన్నే నమ్మలేదా, నన్ను కూడానా?" అని ఆయన అడిగితే, "గడియారం సరిగ్గానే నడుస్తోంది. మీ సంగతే ఇంకా తేలలేదు" అందట. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ సంగతి తేలిందో లేదో ఆవిడ ఎవరికీ చెప్పలేదు గానీ, గడియారం మాత్రం ఇప్పటికీ ఆవిడ చేతికే ఉంది.

మనిషి పొట్టి. ఎంత పొట్టి అంటే, పుట్టి బుద్ధెరిగాక ఏ కుర్చీలో కూర్చున్నా కాళ్ళు గాల్లోనే. ఫ్యాక్టరీలో బల్ల కింద దారపు రీళ్ళ డబ్బా పెట్టుకుని దానిమీద పాదాలు ఆనించుకునేది. రిటైరై కొడుకు, కోడలి దగ్గరికి వచ్చాక ఆ డబ్బా లేదు. హాల్లో సోఫా మీద కూర్చుంటే కాళ్ళు చిన్నపిల్లకి మల్లే వేలాడేవి. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కోడలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఒక రోజు పొద్దున్నే ఫోన్లో ఒక ఫొటో చూపించింది.

"అత్తయ్యా, ఇది చూడండి."

"ఏంటిది? కాళ్ళు కోసేసిన కుర్చీలా ఉంది."

"కోసెయ్యలేదండీ, అలాగే చేస్తారు. స్లిప్పర్ కుర్చీ అంటారు దీన్ని. పూర్వం పెద్దిళ్ళల్లో ఆడవాళ్ళు పడగ్గదిలో దీనిమీద కూర్చుని చెప్పులు తొడుక్కునేవాళ్ళట. చేతులుండవు, సీటు బాగా కిందికి ఉంటుంది. మీ కాళ్ళు చక్కగా నేలకి ఆనతాయి."

"కొత్తది దొరకదా? ఎవరో కూర్చుని లేచిన కుర్చీ మనకెందుకు?"

"పాతవాటి చెక్క గట్టిది. పైగా అందంగా ఉంటాయి. మీ గదిలో కిటికీ పక్కన వేసుకుంటే ఎంత బావుంటుందో!"

మీ గదిలో. ఆ రెండు మాటలూ చొక్కా మెడ దగ్గర లేబుల్ గుచ్చుకున్నట్టు గుచ్చుకున్నాయి ఆవిడకి. ఇన్నాళ్ళూ లేనిది, ఇప్పుడు హఠాత్తుగా అత్తగారి కాళ్ళ మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చింది? హాల్లో సోఫా ఆవిడది. ఆదివారాలు కోడలి స్నేహితురాళ్ళు వచ్చినా ఆవిడ అక్కడినుంచి కదిలేది కాదు. ఇదేదో కుర్చీ పేరు చెప్పి తనను గదిలోకి సర్దెయ్యడం కాదు కదా?

"సరే, చూద్దాం" అంది. చేతిసంచిలో టేపు, చిన్న టార్చి, ఒక నోటు పుస్తకం, కుట్టుసూది వేసుకుంది.

మొదట బజారులోని పెద్ద షోరూముకు వెళ్ళారు. అక్కడ కుర్చీలన్నీ మెరిసిపోతున్నాయి. అమ్మే అమ్మాయి ఒక పొట్టి కుర్చీ చూపించి, "నూరేళ్ళ నాటిదండీ. చూడండి, పురుగు తొలిచిన చిల్లులు కూడా ఉన్నాయి" అని గర్వంగా చెప్పింది. భూతద్దమ్మ సూది తీసి ఒక చిల్లులోకి దింపింది. తిన్నగా దిగింది. రెండోదాంట్లో దింపింది. అదీ తిన్నగానే, అంతే లోతుకు దిగింది. పది చిల్లులు చూసింది.

"ఏ పురుగైనా వంకరటింకరగా తొలుచుకుంటూ పోతుంది. ఈ పురుగు మాత్రం స్కేలు పెట్టుకుని తొలిచింది. దీనికి మీరు జీతమెంత ఇస్తారు?" అని అడిగింది.

కోడలు నవ్వాపుకోలేక అద్దం వైపు తిరిగింది. అమ్మాయి మొహం మాడ్చుకుంది.

మర్నాడు బస్ డిపో వెనక సందులో ఒక పాత సామాన్ల కొట్టుకు ఒక్కతే వెళ్ళింది. కోడలు వెంట ఉంటే ఫలానాదే కొనమని ఒత్తిడి పెడుతుందేమోనని అనుమానం. కొట్టతను నుదుటి మీదికి కళ్ళజోడు నెట్టుకుని ఏదో సొరుగు పిడి బిగిస్తున్నాడు. లోపలంతా వార్నిషు వాసన, దుమ్ము. అల్మారాల మధ్య మనిషి పక్కకు తిరిగితే గానీ నడవలేడు.

ఆకుపచ్చ మఖమల్ కుర్చీ ఒకటి ముందుకు లాగి, "ఇది అసలైన పాతది అమ్మగారూ, మరమ్మతు చెయ్యి పడలేదు" అన్నాడు.

ఆవిడ నేలమీద చతికిలబడి కుర్చీని పక్కకు వాల్చింది. టార్చి వేసింది. లేతు మీద తిప్పి చేసిన కాళ్ళు. వాటి చుట్టూ గాజులు తొడిగినట్టు కట్లు. మొదటి కట్టు ఉంది, రెండోది ఉంది, మూడోది సగంలో తెగిపోయింది. కాలు అడుగున చెక్క మిగతా రంగు కంటే తెల్లగా ఉంది. దానిమీద టీ డికాక్షన్ పూసినట్టు ఒక మరక. ఆవిడ టేపుతో కుర్చీ వీపు కొలిచింది, సీటు ఎత్తు కొలిచింది, నోటు పుస్తకంలో రాసుకుంది.

ఆ రాసుకోవడం చూసి కొట్టతనికి భయం పట్టుకుంది. కొత్తవాటిని పాతవని అమ్మే కొట్ల మీద తనిఖీలు జరుగుతాయని వారం రోజులుగా ఆ సందులో పుకారు. మారువేషంలో వస్తారని కూడా ఎవరో అన్నారు. ఈవిడెవరు? మామూలు మనిషైతే కుర్చీ మీద కూర్చుంటుంది గానీ కుర్చీ కింద కూర్చుంటుందా?

"అమ్మగారూ, టీ తెప్పించనా?" అన్నాడు.

ఆవిడ నొసలు ముడిచింది. ఒక్క వస్తువు కూడా కొనకముందే టీ దేనికి? "వద్దు. ఈ కుర్చీ మామూలు ఎత్తుది. కాళ్ళు కోసి పొట్టిది చేశారు."

"నేను కొయ్యలేదండీ! నా దగ్గరికి వచ్చేసరికే..." అని నసిగాడు. "అమ్మగారు ఏ ఆఫీసు నుంచి వచ్చారు?"

"మా ఇంటినుంచి."

ఆ జవాబుతో అతని అనుమానం ఇంకా గట్టిపడింది. గబగబా వెళ్ళి మూలనున్న ఏదో వస్తువు మీద దుప్పటి కప్పాడు. అది ఆవిడ కంటపడకుండా ఎలా ఉంటుంది?

"ఏం దాచారక్కడ?"

"ఏం లేదండీ. అది అమ్మకానికి కాదు."

దొంగ సొత్తే అయ్యుంటుంది అనుకుంది ఆవిడ. లేచి వెళ్ళి దుప్పటి తీసేసింది.

పొట్టి కుర్చీ. గుడ్డ చిరిగి, లోపల మెత్తగా కూరిన గుర్రపు వెంట్రుకలు బయటికి తొంగి చూస్తున్నాయి. మెరుపులేదు, మఖమల్ లేదు. ఆవిడ దాన్ని తిరగేసింది. చట్రం లోపలివైపు చేతి రంపం గీతలు, ఒక్కటీ ఇంకోదానితో సమానంగా లేవు. గుడ్డ బిగించిన మేకుల చిల్లులు వరసలు వరసలుగా ఉన్నాయి. కనీసం మూడుసార్లు గుడ్డ మార్చి ఉంటారు. ముందు కాళ్ళు సన్నబడుతూ వచ్చి సన్నగానే ముగిశాయి, మధ్యలో కోసిన గుర్తు లేదు. అడుగు అరిగి నున్నగా అయింది. వెనక ఎడమ కాలు మాత్రం వేరే చెక్క. రంగు కలపడానికి ప్రయత్నించారు గానీ చెక్కలోని గీతలు వేరే దారిన పోతున్నాయి.

"ఈ కాలు దీనిది కాదు" అంది.

కొట్టతని భయమంతా దాని గురించే.

ఆవిడ కుర్చీని నిలబెట్టి కూర్చుంది. రెండు పాదాలూ, మడమలతో సహా, నేలకు ఆనాయి. నడుము దానంతటదే నిటారుగా నిలబడింది. తొడల కింద నొక్కుడు లేదు. ఎవరో లోపలినుంచి ముడి విప్పినట్టయింది. ఆవిడ ఊపిరి వదిలింది. మరుక్షణమే ఉలిక్కిపడి లేచింది. ఇంత తొందరగా నచ్చిందంటే ఇందులో ఏదో ఉంది.

"రేపు వస్తా" అని వెళ్ళిపోయింది. కొట్టతను ఆ మాటను బెదిరింపనే అనుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి కోడలు వంటింట్లో బీన్స్ తరుగుతోంది. భూతద్దమ్మ సంచి కింద పెట్టకుండానే అడిగేసింది.

"నన్ను గదిలోకి పంపడానికేనా ఈ కుర్చీ?"

కోడలి చేతిలో కత్తి ఆగింది. కాదని చప్పున అనేస్తుందనుకుంది అత్తగారు. కోడలు అనలేదు.

"కొంత అందుకే" అంది మెల్లిగా. "ఆదివారం మావాళ్ళు వస్తే మీరు ఒక్కొక్కళ్ళనీ పైనుంచి కిందిదాకా చూస్తారు. పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చుంటారు వాళ్ళు. పోయినసారి ఒకావిడ గౌను అంచు తిరగేసి మరీ చూశారు."

"కుట్టు ఊడిపోతోంది కాబట్టి చూశాను."

"చూశారా? అదే నేను చెప్పేది."

"మరి మిగతా కొంత?"

"సాయంత్రమయ్యేసరికి మీ పాదాలకి చెప్పులు ఎక్కడం లేదు. మీరు చెప్పరు. అయినా నాకు కనబడదా?"

అంతా మీకోసమే అత్తయ్యా అని తీపిగా చెప్పి ఉంటే భూతద్దమ్మ ఆ కుర్చీ జోలికే వెళ్ళేది కాదు. స్టూలు లాక్కుని, ఇంకో కత్తి తీసుకుని బీన్స్ తరగడానికి కూర్చుంది.

"మామూలు రోజుల్లో హాల్లోనే వేసుకుంటాను" అంది చివరికి. "ఆదివారాలు మాత్రం గదిలోకి తీసుకెళ్తా. తేలికైన కుర్చీయే."

"సరే అత్తయ్యా. అంటే దొరికిందన్నమాట!"

"దొరికిందని ఎవరన్నారు? ఇంకా చూడాలి."

మర్నాడు మళ్ళీ కొట్టుకు వెళ్ళింది. కుర్చీ కావాలంది.

"కాకపోతే రసీదు మీద ఒక మాట రాయాలి. వెనక ఎడమ కాలు పాతది కాదు, అది వేసింది నేనే అని. కింద సంతకం."

"అమ్మగారూ, అది నేను రాసిస్తే నన్ను నేను పట్టించుకున్నట్టే కదా! మీరు ఏ డిపార్టుమెంటో చెప్పండి, నేనే వచ్చి పెద్దాయనతో మాట్లాడుకుంటాను."

అప్పటికి గానీ ఆవిడకు విషయం అర్థం కాలేదు. తాను ఇతన్ని దొంగ అనుకుంటుంటే, ఇతను తనను పోలీసు అనుకుంటున్నాడు. అతని చెయ్యి దగ్గరికి లాక్కుని చొక్కా మణికట్టు పట్టీ తిరగేసింది.

"ఈ చొక్కా కొత్తదనే కొన్నారా?"

"కొత్తదే. పోయిన నెలే కొన్నా."

"ఈ పట్టీ ఒకసారి విప్పి మళ్ళీ కుట్టారు. పాత సూది చిల్లులు చూడండి, ఈ వరసంతా. ఇది తనిఖీలో తిరగ్గొట్టిన సరుకు. మంచిదని మీకు అంటగట్టారు."

అతను కళ్ళజోడు నుదుటి మీదినుంచి కిందికి దించుకుని మణికట్టు చూసుకున్నాడు. తర్వాత ఆవిడను చూశాడు.

"ముప్పై ఒక్కేళ్ళు చొక్కాలు చూశాను. అంతకు మించి నేనేమీ కాదు" అందావిడ.

అతను కుర్చీమీద కూలబడి, "రాత్రంతా నిద్రలేదండీ నాకు" అన్నాడు. తర్వాత తెరలు తెరలుగా నవ్వాడు. కాలు సంగతి కూడా చెప్పాడు. లారీలోంచి దించుతూ తానే విరగ్గొట్టాడట. పనికిరాని మంచం కోడు చెక్కి వేశాడట. ఆ మాటే రసీదు మీద రాసి సంతకం పెట్టాడు.

కుర్చీకి బూడిదరంగు గుడ్డ ఆవిడే వేసుకుంది. లోపలివైపు కుట్టు బయటివైపు కన్నా అందంగా వేసింది. ఆదివారాలు అన్న ప్రకారం గదిలోకి తీసుకెళ్ళింది, తలుపు మాత్రం తీసే ఉంచింది.

రెండు నెలల తర్వాత కొట్టతను ఫోను చేశాడు. ఒక జత పొట్టి కుర్చీలు వచ్చాయని, ఎందుకో నమ్మకం కుదరడం లేదని, ఒకసారి చూసిపెట్టమని అడిగాడు.

"అతనికి కళ్ళు లేవా? నన్నెందుకు పిలుస్తున్నాడు?" అని కోడలిని అడిగి, జవాబు వినకుండానే చెప్పులు తొడుక్కుంది.

రెండు కుర్చీలనూ అరగంట సేపు తిరగేసి బోర్లేసి చూసింది. "ఎడమది పాతది. కుడిది దాన్ని చూసి చేసింది. పనివాడు మంచివాడే గానీ, మేకుల చిల్లులు ఒకే ఒక్క వరస ఉన్నాయి" అంది.

కొట్టతను తలాడించాడు. "అవునండీ. నాకు తెలుసు."

"తెలిసీ పిలిచారా?"

"మీరు కనిపెడతారో లేదో చూద్దామని. పోయినసారి కాలు సంగతి పొరపాటున తగిలిందేమోనని చిన్న అనుమానం."

ఆ మాటకు ఆవిడకు కోపం రావాలి. రాలేదు. ఫ్యాక్టరీలో చెకింగుకు కొత్తగా ఎవరు చేరినా, ఆవిడ మంచి చొక్కాల కట్టలో ఒక చెడ్డ చొక్కా దూర్చి, దూరంగా నిలబడి చూసేది. అందులో నెగ్గినవాళ్ళతోనే కూర్చుని మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుకునేది.

"ఆ రోజు టీ తెప్పిస్తానన్నారు కదా" అంది నేలమీదినుంచి లేచి, పాత కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ. "ఇప్పుడు తెప్పించండి."