ఆకు మీది తేనె

“ఏమే, చీమల గిన్నెల్లో నీళ్ళుండాయా?”

“ఉండాయి, ఉండాయి. పెండ్లాం గంజి తాగిందా అని ఒకనాడైనా అడిగితిరా?”

“నీకు నోరుంది, అడుగుతావు. అవి ఎవరిని అడుగుతాయి?”

నేనూ మా ఆయనా చివరగా మాట్లాడుకున్నది ఇదే. తేనెపెట్టెల కాళ్ళ కింద నీళ్ళగిన్నెలు పెడతాం, చీమలు ఎక్కకుండా. ఆ మాట అడిగి కోవిల్‌పట్టి బస్సెక్కాడు. కయత్తారు పక్కన ఒక మునగతోటలో పూత ఉందని విన్నాడు. మా రెండు పెట్టెలకు అక్కడ చోటు అడగాలని పోయాడు. బస్సు దిగినచోటే కూలిపోయాడంట. ఇంటికి తెచ్చేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది.

నాకు సంతకం తప్ప రాయడం రాదు. మా అరవనాట తెలుగు చదువు దొరకదు; తిరుపతిలో కాపురం చేసి తెలుగు అక్షరాలు నేర్చుకొచ్చిన మా అక్క కూతురు రాస్తోంది, నేను చెబుతున్నాను.

మా నల్లరేగడిలో కొత్తిమీర పూత అయిపోతే, వానలు పడేదాకా తేనెటీగలకు ఏమీ దొరకదు. ఆ ఎండల్లో మా ఆయన తేనె తీసేవాడే కాదు, వాటికే వదిలేసేవాడు. చాలకపోతే చక్కెర పానకం కాచి, చల్లార్చి, పొద్దుగూకాక పెట్టె లోపల పెట్టేవాడు. ఒక్క చుక్క బయట ఒలకనిచ్చేవాడు కాదు. తీపి వాసన తగిలిందా, బలమున్న పెట్టె ఈగలు బలం లేని పెట్టె మీద పడి దోచుకుంటాయి. ఆ ఏడు ఒక పెట్టె నిండుగా ఉండేది, ఇంకొకటి నీరసంగా ఉండేది. ఆ నీరసపు పెట్టెను వానల దాకా నిలబెట్టాలని ఆయన పడిన పాటు ఇంతా అంతా కాదు. ఆయన పోయాక అది నా మీద పడింది.

కర్మం నాడు, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ అరిటాకులో పెట్టి పటం ముందు ఉంచడం మాలో ఆచారం. పటాన్ని పెట్టెలున్న పందిరి కిందే పెట్టారు, ఆయన ఎప్పుడూ కూర్చునే చోటని. విరుదునగర్ నుంచి వచ్చిన నా ఆడబిడ్డ అంగట్లో తేనె సీసా కొనుక్కొచ్చి ఆకు మీద గుమ్మరించింది. నన్నేమో లోపల మూలన కూర్చోబెట్టారు. కర్మం ముగిసేదాకా ముండమోసింది గడప దాటకూడదు కదా.

కొంచెంసేపటికి బయట కేకలు.

“అన్న వచ్చినాడు! చూడండే, ఈగలై అన్నే వచ్చినాడు!”

“బతికుండగా ఒక పూట ఆకు ముందర కుదురుగా కూర్చోలేదు,” అని ఒక ముసలామె అంది. “ఇప్పుడు చూడు, ఎంత ఆశగా తింటుండాడో!”

అందరూ నవ్వారు, అందరూ ఏడ్చారు. నాకు లోపలికి ఈగల చప్పుడు వినబడింది. మేత మేసే చప్పుడు కాదది. సన్నగా, గీరుతున్నట్టు ఉంది. లోపలినుంచే అరిచాను.

“ఆకు ఎత్తేయండమ్మా! అవి కొట్లాడుతుండాయి!”

“వచ్చిన మనిషిని తరిమేది ఎట్ల వదినా? నీకు మనసెట్లొస్తుంది?”

లేచాను. గడప దాటాను. ఎవరో అయ్యో అన్నారు. ఆకును చుట్టి తడిగుడ్డలో మూటగట్టి దూరంగా పారేయించాను. దోచేవి దూరకుండా నీరసపు పెట్టె వాకిలిని మట్టితో పూడ్చి, ఒక్క ఈగ పట్టేంత సందు ఉంచాను. నా చేతుల మీద కుట్టినవి కుట్టాయి.

ఆడబిడ్డ పటాన్ని రొమ్ముకు హత్తుకుని అంది: “మా అన్నను రెండోసారి పంపించేస్తివి.”

తెల్లారి ఆ పెట్టె ముందు రెక్కలు చిరిగిన ఈగలు కుప్పగా పడున్నాయి. లోపల తుట్టెల్లో తేనె గదుల మైనపు మూతలు కొరికేసి ఉన్నాయి. రాణి ఉంది, చుట్టూ గుప్పెడు ఈగలు. పానకం పెట్టాను, తడి గోనె కప్పాను. నిలవలేదు. ఒకనాడు మూత తీస్తే ఎవరూ లేరు, వట్టి తుట్టెలు.

నిండు పెట్టె ఇంకా ఉంది. ఆడబిడ్డ మాత్రం మా వాకిలి తొక్కడం లేదు. ఈగలు దోచుకునేది ఎట్లానో నాకు తెలుసు, ఆయనే చూపించాడు. ఆ రోజు ఆకు మీద జరిగింది అదే. అయినా అంత గుంపులో ఒక్కటి కూడా ఆయన కాదని నేనెట్లా చెప్పేది? మట్టి పూసింది ఈ చేతులే కదా.

చాలు పాపా, ఇంక రాయకు. మొదటినుంచి ఒకసారి చదువు, నిదానంగా. వింటాను.