నర్సప్ప దాచిన గోలీలు

నొప్పి తగ్గిందా లేదా అన్నది ఏడో ప్రశ్న. అంతకుముందు ఆరింటికీ అంబిక చకచకా జవాబులు చెప్పింది. వ్యాను చెప్పిన రోజుకే వచ్చేదా? వచ్చేది. సిస్టర్ మర్యాదగా మాట్లాడేదా? మాట్లాడేది. ఒంటికి పుండ్లు పడకుండా పక్క మార్చడం నేర్పిందా? నేర్పింది. ఏడో ప్రశ్న వినగానే కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టేసింది.

"ఏం తగ్గింది సార్? రెండు నెలలు మా అవ్వ నొప్పికి ఒర్లుకుంటనే పండింది. గోలీలు డబల్ చేసిన్రు, ఏం ఫాయిద? నేను ఆదివారం ఆదివారం పోతుంటి. ఆమె మొఖం చూడలేక బయటికొచ్చి కూసుంటుంటి."

అడుగుతున్న మనిషి పేరు చంద్రశేఖర్. వికారాబాద్ శివారులో, ఇక బతకరని పెద్దాసుపత్రులు పంపించేసిన రోగులను చూసుకునే ట్రస్టు దవాఖాన ఒకటుంది. దానికి డబ్బిచ్చే హైదరాబాద్ సంస్థ, అక్కడ పని సరిగా జరుగుతోందో లేదో తేల్చుకు రమ్మని ఆయన్ను పంపింది. రోగి పోయిన ఇంటికి వెళ్లి ఇరవై ప్రశ్నలు అడిగి, ఒక్కోదాని పక్కన అంకె వేసుకోవడం ఆయన పని. తాండూరులో అంబిక ఇల్లు ఆయనకు పద్నాలుగోది.

గడప దగ్గర అంబిక తండ్రి నర్సప్ప కూర్చుని ఉన్నాడు. చంద్రశేఖర్ అటు తిరిగి, "మీరేమంటారు పెద్దాయనా? ఇంట్లో దగ్గరుండి చూసుకుంది మీరే కదా?" అన్నాడు.

నర్సప్ప తల ఎత్తలేదు. "బిడ్డ చెప్పింది గదా సార్."

ఏడో ప్రశ్న పక్కన సున్నా పడింది. నర్సప్పకు చదువు రాదు గానీ సున్నా తెలుసు. అతని తల మీద, గోడ మేకుకి, గొంగడి కింద ఒక తోలు సంచి వేలాడుతోంది. అందులో ఇరవై ఏడు పట్టీల నొప్పి గోలీలు, విడిగా ఇంకో మూడు ఉన్నాయి. అతని భార్య, అంబిక తల్లి రామమ్మకు ఇవ్వాల్సినవి.

నర్సప్పది బొంరాస్‌పేట దగ్గరి పల్లె. పదేళ్లు నిండకముందే గొర్ల వెంట పడ్డాడు. కోతలు అయిపోగానే మందను తోలుకుని కర్ణాటక వైపు దాటేవాడు. చేలల్లో మంద ఆపుకునేందుకు రైతులతో బేరమాడేటంత కన్నడం వచ్చు. మనుషుల కన్నా గొర్ల రోగాలు ఎక్కువ తెలుసని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. అంబిక పుట్టిన ఏడాది మంద సరిహద్దు అవతల ఉండగా విరేచనాలు పట్టే పారుడు రోగం తగిలింది. రెండు గొర్లు మెత్తబడగానే నర్సప్ప కంగారుపడి సంచిలో ఉన్న మందంతా ఒక్కరోజులో అన్నిటికీ పోసేశాడు. నాలుగో రోజు అసలు రోగం విరుచుకుపడింది. సంచి ఖాళీ. దగ్గరి దుకాణం ఒకరోజు నడక. అతను పోయి తిరిగొచ్చేసరికి నలభై గొర్లు పడిపోయి ఉన్నాయి. అప్పటి నుంచి సంచిలో ఏ మందున్నా సగం ముట్టకుండా దాచేవాడు. అసలు కష్టం ఇంకా ముందుంది అనుకుని బతకడం అలవాటైంది. ముప్పై ఏళ్లలో ఆ అలవాటు అతన్ని చాలాసార్లు గట్టెక్కించింది కూడా.

రామమ్మకు గర్భసంచి క్యాన్సర్ అని తేలేసరికి ఆలస్యమైంది. హైదరాబాద్ డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తర్వాతి వారం వికారాబాద్ నుంచి వ్యాను వచ్చింది. అందులోంచి రెబెక్క దిగింది. మర్పల్లి మనిషి, నలభై దగ్గర పడుతున్న నర్సు. ఆమె తల్లిదండ్రులు పొలం కూలీలు. అందుకని పల్లె ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో, ఏది అడగొద్దో ఒకరు చెప్పే పని లేదు.

"పెద్దయ్యా, గీ గోలీ నొప్పి లేసినంక ఇచ్చేది కాదు. లేవకముందే ఇయ్యాలె. నాలుగు గంటలకొకటి. ఇచ్చినప్పుడల్లా గీ కాయితం మీద ఒక గీత గియ్యి."

"గొర్లకు మందు పోసుకుంటనే బతుకంత గడిచింది బిడ్డా. నాకు నేర్పుతవా?"

"గొర్రె కన్న పెద్దమ్మ జర మొండిది. చూసుకొని ఇయ్యి."

మంచం మీంచి రామమ్మ అందుకుంది. "గొర్లను చూసినంత మంచిగ నన్ను చూస్తే సాలు తియ్యి. పెండ్లయినకాడికెల్లి అదే అడుగుతున్న."

ముగ్గురూ నవ్వారు.

వ్యాను పోగానే నర్సప్ప పట్టీలు లెక్కబెట్టి సగం తోలు సంచిలో వేశాడు. అందులో ఎలాంటి దురుద్దేశమూ లేదు. ఈ రోగం చివర్లో నొప్పి భరించలేనంతగా ఉంటుందని హైదరాబాద్ ఆసుపత్రి వరండాలో ఎవరో అంటుంటే విన్నాడు. ఆ రోజుకి మందు లేకపోతే ఎలా? రోజుకు ఆరు ఇవ్వాల్సింది మూడు ఇచ్చాడు. గీతలు మాత్రం ఆరు గీశాడు. గీత తగ్గితే సిస్టర్ తర్వాత ఇచ్చేది తగ్గిస్తుందని అతని లెక్క.

రెండోసారి వచ్చినప్పుడు రెబెక్క ఖాళీ పట్టీలు అడిగింది. ఖాళీవి తీసుకున్నాకే కొత్తవి ఇవ్వాలన్నది అక్కడి నియమం.

"మేక నమిలింది," అన్నాడు నర్సప్ప.

"రేకు పట్టీలు మేక నములుతదా?"

"మా మేక నములుతది."

రెబెక్క పగలబడి నవ్వింది. "ఈసారన్న ఖాళీవి దాచిపెట్టు పెద్దయ్యా. లేకుంటే మా సార్ నన్ను నములుతడు." కొత్త పట్టీలు ఇచ్చి కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె అడిగిన ప్రతిసారీ మేక ఏదో ఒకటి నములుతూనే ఉంది.

మూడు వారాలకు రెబెక్క, గీతలన్నీ సరిగ్గా ఉన్నా నొప్పి తగ్గడం లేదని డాక్టరుతో మాట్లాడి ఒకటికి రెండు గోలీలు చేసింది. నర్సప్ప అందులోనూ సగం దాచాడు. పెద్ద నొప్పి ఇంకా రాలేదనే అనుకున్నాడు. మంచం మీద మనిషి నొప్పికి పట్టె చెక్క కొరుకుతుంటే కూడా, ఇది కాదు, ఇంతకన్నా పెద్దది వస్తుంది అనుకున్నాడు.

రెండు నెలలు నిండేటప్పటికి రామమ్మను వ్యానులో వికారాబాద్ తీసుకెళ్లారు. అక్కడ మందు నర్సప్ప చేతిలో లేదు. కాగితంలో ఉన్న మోతాదే, గడియారం చూసి, పూర్తిగా, రెబెక్క ఇచ్చింది. పగలు మొదలుపెడితే చీకటి పడకముందే రామమ్మ దిండుకి ఆనుకుని కూర్చుంది. చాయ్ అడిగింది. చక్కెర తక్కువైందని వంక పెట్టింది. పోయిన ఏడాది మంచి పొట్టేలును అడ్డికి పావుశేరు అమ్మావని మొగుణ్ని తిట్టింది. తర్వాత నిద్రపోయింది. నొసటి మీద ముడుత లేకుండా ఆమె ముఖాన్ని చూసి రెండు నెలలైంది. నర్సప్ప మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆ ముఖాన్నే చూశాడు. ఏం చేశాడో అతనికి అప్పుడు అర్థమైంది. ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

మూడో రోజు పొద్దున రామమ్మ పోయింది. శవాన్ని వ్యాను ఎక్కించే ముందు రెబెక్క మెల్లగా, "ఇంట్ల గోలీలు ఏమన్న మిగిలితే తెచ్చియ్యాలె పెద్దయ్యా, రూలు," అంది.

"ఏం మిగల్లే," అన్నాడు.

గొర్లను తమ్ముడు బీరన్నకు అప్పజెప్పి నర్సప్ప తాండూరుకు బిడ్డ దగ్గరికి వచ్చేశాడు. చంద్రశేఖర్ వచ్చి వెళ్లిన మూడు వారాలకు అంబికకు ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆమె మిషన్ తొక్కుతూనే స్పీకర్ పెట్టింది.

"ఇంటి దగ్గర రెండు నెలలు పనిచేయని మోతాదే దవాఖానలో ఒక్క పూటలో పనిచేసిందమ్మా. అంటే మీ ఇంటికి గోలీలు పూర్తిగా చేరలేదనే కదా. ఖాళీ పట్టీలు ఒక్కటీ లేవు. కొత్తవి ఇచ్చినట్టు అన్నిటికీ రెబెక్క సంతకాలున్నాయి. ఆమెను వ్యాను ఎక్కొద్దని ఆపారు. మీరిద్దరూ గురువారం వచ్చి జరిగింది రాసి ఇస్తే ఉద్యోగంలోంచి తీసేస్తారు. పోలీసులకు కూడా అప్పగిస్తారేమో. అది మామూలు మందు కాదు, మత్తుమందు లెక్కలోకి వస్తుంది."

"నేను ముందుగాలనే అనుకున్న సార్," అంది అంబిక. "మా అవ్వ నోటికాడి మందు అమ్ముకున్నదన్నట్టు. వస్తం."

ఫోన్ పెట్టేసి తండ్రి వైపు చూసింది. "మంచిగనే మాట్లాడుతుండె గదా నాయినా! ఎట్ల నమ్మాలె మనుషులను?"

ఆ రోజు నుంచి నర్సప్ప పళ్లెంలో అన్నం మిగిలిపోసాగింది. నోరు విప్పకపోతే రెబెక్క దొంగ అవుతుంది. విప్పితే, ఆ రెండు నెలల కేకలకు కారణం ఎవరో అంబికకు తెలుస్తుంది. ప్రపంచంలో అతనికి మిగిలింది ఆ ఒక్క బిడ్డ. బుధవారం సాయంత్రం దాకా, అంబిక ఒక్కతే వెళ్లి సంతకం పెట్టి వస్తుందేమో, తనకు జ్వరమని పడుకుంటే సరిపోతుందేమో అని ఆలోచించాడు. గురువారం పొద్దున లేచి స్నానం చేసి, సంచి భుజాన వేసుకున్నాడు.

"గీ గొర్ల మందు సంచి ఎందుకు నాయినా?"

"ఉండనీ."

రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. అంబిక చెప్పాల్సిన మాటలు మనసులో కూర్చుకుంటోందని ఆమె పెదవుల కదలికను బట్టి తెలుస్తోంది. సంచిలోవి బయటికి విసిరేస్తే ఎవరికీ తెలియదు. ధారూర్ దాటాక నర్సప్ప, "బిడ్డా," అన్నాడు.

"ఏంది?"

"ఏం లే."

దవాఖాన ఆఫీసు గది బయట బల్ల మీద రెబెక్క కూర్చుని ఉంది. యూనిఫాం లేదు, మామూలు చీర. ముఖం పీక్కుపోయింది. వాళ్లను చూసి లేచి నిలబడింది.

"మంచిగున్నవా పెద్దయ్యా? తింటున్నవా?"

అంబిక తండ్రి మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "ఆమెతోని ఏం ముచ్చట నాయినా, నడువు."

లోపల చంద్రశేఖర్ కాగితం చదివి వినిపించాడు. మందు సరిగా అందలేదు, నొప్పి తగ్గలేదు, నర్సు మీద అనుమానం ఉంది. అంబిక సంతకం పెట్టింది. ఆయన సిరా డబ్బీ నర్సప్ప ముందుకు జరిపాడు. నర్సప్ప వేలు పెట్టలేదు. సంచి విప్పి టేబుల్ మీద దిమ్మరించాడు. గొర్ల మందు సీసాలతో పాటు పట్టీలు జారిపడ్డాయి.

"సిస్టర్ అన్నీ ఇచ్చింది సార్. నేనే సగం దాచిన."

చంద్రశేఖర్ ఒక పట్టీ ఎత్తి వెనక అంకెలు చూశాడు. "కాగితం మీద రోజూ గీతలున్నాయి కదా పెద్దాయనా?"

"ఇయ్యకుంటనే గీసిన."

"ఎందుకు?"

"ఇంక పెద్ద నొప్పొస్తదనుకున్న సార్. అప్పటికుండాలె అనుకున్న." పారుడు రోగం, సరిహద్దు, నలభై గొర్లు, అన్నీ చెప్పాలని నోరు తెరిచాడు. తెరిచాక, ఈ గదిలో గొర్ల ముచ్చట చెప్పడం సిగ్గనిపించింది. "నాదే తప్పు," అని ఊరుకున్నాడు.

అంబిక తండ్రి వైపు చూడలేదు. టేబుల్ మీది పట్టీలనే చూస్తోంది.

రెబెక్కను లోపలికి పిలిచారు. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"మేక నమిలిందన్నవు," అంది టేబుల్ మీది పట్టీలు చూసి.

"అవు బిడ్డా."

"నేను నవ్విన." ఆమె చంద్రశేఖర్ వైపు తిరిగింది. "ఖాళీవి చూడకుంట కొత్తవి ఇచ్చింది నేనే సార్. అది గుడ రాసుకోండ్రి." తర్వాత నర్సప్పతో, గొంతు పెంచకుండానే అంది. "పదిహేను రోజులు మా వాడకట్టుల నన్ను దొంగ అన్నరు పెద్దయ్యా. మా పిల్లలు బడికి పోమన్నరు. నువ్వు తాండూర్ల ఊకె కూసున్నవు."

నర్సప్ప చేతులు జోడించాడు. ఆమె ఆ చేతులు దించమని అనలేదు, పట్టుకోనూ లేదు. బయటికి వెళ్లి మళ్లీ బల్ల మీద కూర్చుంది.

చంద్రశేఖర్ పాత కాగితాన్ని అడ్డంగా కొట్టేసి కొత్తది రాశాడు. సోమవారం నుంచి రెబెక్క వ్యాను ఎక్కవచ్చు. పట్టీల విషయంలో ఆమెకు హెచ్చరిక ఉంటుంది. ఇచ్చిన మందు ఇంట్లో ఎందుకు వాడలేదన్న ప్రశ్న తన ఇరవైలో లేదని, అది చేర్చమంటానని కూడా అన్నాడు. నర్సప్పకు అదంతా సగమే వినిపించింది. ఈసారి వేలిముద్ర వేశాడు.

స్టేషన్ దాకా అంబిక ముందు నడిచింది, అతను వెనక. ప్లాట్‌ఫాం మీద బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర అతను. బండి రావడానికి ఇంకా అరగంట ఉంది. జామకాయలమ్మే ఆవిడ వచ్చి ఇద్దరి మధ్య బుట్ట దించి, ఎవరూ కొనకపోతే ఎత్తుకుని వెళ్లిపోయింది.

"అవ్వ అడిగిందా?" అంది అంబిక, పట్టాల వైపు చూస్తూ.

అడగలేదని చెప్పవచ్చు. కాదనడానికి రామమ్మ లేదు.

"అడిగింది," అన్నాడు నర్సప్ప.

"ఏమన్నది?"

"ఇంకోటి ఇయ్యరాదా అన్నది. దినాం అన్నది."

"నువ్వేమన్నవు?"

"టైం కాలే అన్న."

అంబిక లేచి ప్లాట్‌ఫాం అంచుకు నడిచింది. బండి రాగానే ఆడవాళ్ల పెట్టె ఎక్కేసింది. నర్సప్ప పక్క పెట్టెలో తలుపు దగ్గర నిలబడి తాండూరు దాకా వచ్చాడు. దిగి, స్టేషన్ బయటికి వచ్చేసరికి అంబిక ఆటో పక్కన నిలబడి ఉంది. ఎంతమంది అని ఆటోవాడు అడిగితే "ఇద్దరం" అంది. నర్సప్ప ఎక్కేదాకా ఆగి తానూ ఎక్కింది. దారంతా బయటికే చూసింది.