ఎవరి జాన?

ఎనభైల్లో ఒక వేసవి. చాట్రాయి వైపు మా బావ గుత్తకు తీసుకున్న మామిడి తోటలో కోత నడుస్తోంది. నేను అక్కకూ బావకూ సాయంగా ఉండేవాణ్ణి.

బడి ఎనిమిదో తరగతితోనే మానేశాను. ఆ తర్వాత నా చదువంతా నూజివీడు లైబ్రరీలోనే. అక్కడి బీరువాల్లో ఉన్నవన్నీ దాదాపు చదివేశానని అప్పుడూ గొప్పగా చెప్పుకునేవాణ్ణి, ఇప్పుడూ చెప్పుకుంటాను. ఆ ఏడు ఒక చరిత్ర పుస్తకంలో ఒక సంగతి కనబడింది. ఒకప్పుడు ఐరోపాలో సైనికాధికారులు బల్ల మీద కొండలూ నదులూ అమర్చుకుని, చిన్న చిన్న బిళ్ళలతో యుద్ధాలు ఆడేవారట. ఎలా ఆడాలో మాత్రం అందులో లేదు. ఆ లోటు నేనే తీర్చాను.

కాయలు పేర్చే పాకలో రెండు పెట్టెల మీద పాత తలుపు పరిచాను. కాయల కింద వేసే వరిగడ్డి కొండలైంది. అక్క పాత చీర అంచు నది. చింతపిక్కలు సైనికులు, చెరో అగ్గిపెట్టె కోట. ఎదురుపడిన సైనికుల్లో ఎవరు చావాలో గవ్వలు తేలుస్తాయి. ఎదుటివాడి కోటను ముందు ముట్టుకున్నవాడిదే గెలుపు. రూల్స్ అన్నీ ఒక కాగితం మీద రాసి గుంజకు అంటించాను. సైనికుడు ఒక విడతకు ఒక జాన నడవవచ్చు అనేది అందులో ఒకటి.

ఎప్పుడూ సరదాకే ఆడేవాళ్ళం. ఆ రోజు మాత్రం పందెం పడింది. బెజవాడ మార్కెట్టుకు కాయ తీసుకెళ్ళే లారీలో డ్రైవరు పక్కన ఒక్కరికే చోటు ఉంది. రెండోవాడు తోట కాపలా ఉండాలి. బావకు సినిమా చూడాలని. నాకు అక్కడి పాత పుస్తకాల కొట్లు చూడాలని. గెలిచినవాడు లారీ ఎక్కాలనుకున్నాం.

ఆట మొదలవగానే బావ తన పిక్కను ముట్టుకోకుండా బయటికి కేకేశాడు. గడకు కట్టిన చిక్కంతో కాయలు కోసే మనిషి లోపలికి వచ్చాడు. మా తోటలో అంత పెద్ద చేతులు ఇంకెవరికీ లేవు.

"నీ చెయ్యి ఇక్కడ పెట్టు," అన్నాడు బావ.

"నా చేతులకి సొన ఉందండీ."

"ఉంటే ఉంది. జాన కొలువు."

నేను గంతేసి లేచాను. "బావా, ఇదేం ఆట! నీ జానతో నువ్వు కొలుచుకోవాలి!"

"ఆ ముక్క ఎక్కడుందిరా? ఒక జాన అన్నావు. ఎవరి జానో రాశావా? పోనీ నువ్వే చదువు, పెద్ద చదువరివి."

చదివాను. లేదు. పెట్టెల్లో గడ్డి పరుస్తున్న అక్క తల ఎత్తకుండానే, "రాసింది నువ్వే కదరా," అంది. సరే, రాయలేదు కాబట్టి చెల్లుతుందని నా నోటితో నేనే ఒప్పుకున్నాను. నేనూ ఆ చేతినే అడగొచ్చు. కానీ రోషం కొద్దీ నా చేత్తోనే కొలుచుకున్నాను.

అయినా గవ్వలు నా పక్షాన పడ్డాయి. ఇంకొక్క విడత వస్తే బావ కోట నాదే. కోత మనిషి ఈలోగా తోట ఆ చివర చెట్టెక్కాడు. అతను దిగి వచ్చేదాకా ఆగకుండా బావ ఈ విడతకు తన చేత్తోనే కొలిచాడు. నా అగ్గిపెట్టెకు వేలెడు దూరంలో ఆగిపోయింది.

"అందలేదుగా. తమ్ముడిదే ఆట," అంది అక్క.

బావ మొహం వాడిపోయింది. లారీ నాదేనని నాకు తెలుస్తూనే ఉంది. కానీ మొదటి నుంచీ ఒక చేత్తో కొలిచిన ఆటను, ఆ మనిషి చెట్టు మీద ఉన్నాడని ఇంకో చేత్తో ముగించడం నాకు నచ్చలేదు. ఒప్పుకున్నాక ఒప్పుకున్నట్టే ఉండాలి.

"అతన్ని పిలు బావా. వచ్చేదాకా ఆగుతాను."

"పిచ్చెక్కిందేంట్రా నీకు?" అన్నాడు బావ.

"పిలు."

కోత మనిషి దిగి వచ్చాడు. చెయ్యి చాచాడు. చిటికెన వేలు నా కోట మీద పడింది. సొనకు అగ్గిపెట్టె వేలికే అంటుకుని పైకి లేచింది. అక్క పకపకా నవ్వింది.

లారీ హారన్ కొట్టేసరికి బావ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. "నీకు ఊళ్ళు తిరగడం ఎందుకురా? అన్నీ పుస్తకాల్లో చూసేస్తావుగా!" అని కిటికీలోంచి చెయ్యూపాడు.

అక్క నాకు మజ్జిగ ఇస్తూ అడిగింది. "బాధగా ఉందా?"

"ఆ జాన సంగతి బావకెలా తట్టిందే? బస్సు బోర్డు కూడా చదవలేడుగా."

"నా చేత చదివించుకున్నాడు. పొద్దున్నుంచి ఒకటే గోల, మళ్ళీ చదువు, మళ్ళీ చదువు అని. పొయ్యి మీద కూర మాడింది."

నేను లైబ్రరీలో చదివినవి ఎంత చెప్పినా ఆవలించే మనిషి. అలాంటివాడు నేను రాసిన రూల్స్‌ను కూర మాడేదాకా విన్నాడని తెలిసేసరికి, బెజవాడ ప్రయాణం తప్పిన దిగులు సగం తీరిపోయింది.

"నీ రూల్స్‌లో ఇంకో రెండు చోట్ల కూడా సందు దొరికిందట," అంది అక్క. "ఎక్కడో నాకు కూడా చెప్పలేదు."

గుంజకున్న కాగితం ఊడదీసుకుని గడ్డి మీద బోర్లా పడుకున్నాను. బావ తిరిగొచ్చేలోగా ఆ రెండూ పట్టుకోవాలని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.